ముట్టని విస్తళ్లు

అనగనగా అంటే ఊ కొట్టాలి పిల్లలూ. కానీ ఊ కొట్టడానికి కూడా జనం భయపడే రాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు కొండపురి. దాని రాజు చండసేనుడు.

కొత్త కోట కట్టడానికి ఆ రాజు నలభైమంది రైతులను పట్టి రాళ్ల గనిలోకి దింపాడు. మళ్లీ పైకి రానివ్వలేదు. బయ్యమ్మ అనే మంత్రసాని ఒక్కతే సంత నడుమ నిలబడి, "గనిలో మనుషులు చచ్చిపోతున్నారు, వాళ్లను వదలండి" అంది. ఆ పూటే ఆమెను చెరలో వేశారు. అమావాస్యకు తల తీస్తామని చాటింపు వేయించారు.

ఈ సంగతి పొరుగు రాజ్యాలకు తెలిసింది. ముందు ఉప్పునాడు రాయబారి మారయ్య వచ్చాడు. రాజు ఆయనకు పట్టుశాలువా కప్పి, ఉప్పు బేరం మాట్లాడి పంపేశాడు. బయ్యమ్మ మాట ఆయన గొంతులోనే ఉండిపోయింది. తరువాత వరినాడు రాయబారి దేచన వచ్చి, "ఆమెను వదలకపోతే బియ్యం ఆపేస్తాం" అని కేకలు వేశాడు.

"ఆపుకోండి. పక్కవాళ్ల దగ్గర తెచ్చుకుంటాం" అని రాజు నవ్వాడు. ఆ రోజు నుంచి బయ్యమ్మకు పెట్టే కూడు సగం చేశారు.

మూడోది నేతనాడు. దాని రాయబారి కామసాని నెమ్మదస్తురాలే గాని మహా మొండిది. ఆమె తిన్నగా కొండపురికి పోలేదు. ముందు మారయ్యనూ దేచననూ కలిసి, "విడివిడిగా పోతే ఒకరిని మంచి చేసుకుంటాడు, ఒకరిని వెళ్లగొడతాడు. కలిసి పోదాం రండి" అంది.

అమావాస్యకు ఒక్క రోజు ముందు ముగ్గురూ కోటకు వచ్చారు. మూడు రాజ్యాలూ తన గుమ్మం తొక్కాయని రాజు పొంగిపోయాడు. ఊరంతా చూసేలా కోట ముంగిట్లో విందు పెట్టించాడు. అతిథి తొలి ముద్ద తినకుండా ఇంటాయన తినడం కొండపురిలో తలవంపులు. అతిథి తినకుండా లేచిపోతే ఇంకా పెద్ద తలవంపులు.

వడ్డన అయింది. ముగ్గురూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"బయ్యమ్మ మా పంక్తిన కూర్చుంటే తింటాం ప్రభూ" అంది కామసాని.

"అది మా ఇంటి గొడవ. మీకెందుకు?"

"మీ ఇంట్లో ఏడుపు మా ఇళ్లకు వినబడుతోంది. అందుకే మీ ఇంటికే వచ్చి అడుగుతున్నాం."

రాజు మారయ్య వైపు వంగి, "ఇకమీద మా రాజ్యంలో మీ ఉప్పు తప్ప వేరే ఉప్పు ఉండదు" అని గుసగుసలాడాడు. మారయ్య చెయ్యి విస్తరి దాకా వెళ్లింది. కామసాని ఆయన వైపు చూసింది. మారయ్య సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మీ ముగ్గురినీ ఆమె పక్కనే చెరలో వేస్తాను" అని రాజు దేచన మీద ఉరిమాడు.

"అలాగే ప్రభూ. అక్కడే ఆమెతో కలిసి తింటాం" అన్నాడు దేచన. ఈసారి ఆయన కేకలు వేయలేదు.

అన్నం చల్లారింది. ఎండ నడినెత్తికి వచ్చింది. జనం ఒక్కరూ కదల్లేదు. రాజు పళ్లు కొరుకుతూ, "తీసుకురండి దాన్ని" అన్నాడు.

భటులు రెక్కలు పట్టుకుని తెచ్చారు బయ్యమ్మను. ఎముకల గూడులా ఉంది. కామసాని పక్కన విస్తరి వేసి వేడి అన్నం పెట్టారు. అది చూసి బయ్యమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇక తినండి" అన్నాడు రాజు.

"ఇప్పుడు ఆమె కూడా మీ అతిథే. ఆమె ముద్ద ఎత్తాకే మేమూ" అంది కామసాని.

బయ్యమ్మ మెల్లగా చేతులు ఒళ్లో పెట్టుకుంది. "గనిలో నలభైమంది ఉన్నారు దొరా. వాళ్లు వచ్చాక తింటాను."

అప్పుడు జనంలోంచి ఒక ముసలామె ముందుకు వచ్చి, నేల మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆమె వెనుక ఊరంతా కూర్చుంది. రాజు ముఖం పాలిపోయింది.

సాయంత్రానికి గని తలుపు తీశారు. ముప్పైయేడుగురు పైకి వచ్చారు. రాని ముగ్గురికీ విస్తళ్లు వేసి, బయ్యమ్మ తొలి ముద్ద ఎత్తింది. అందరి తరువాత రాజు తల వంచుకుని తిన్నాడు. మరునాడు అమావాస్య వచ్చినా బయ్యమ్మ తల తీయలేదు.

కనుక పిల్లలూ, క్రూరుడి ఇంటికైనా వెళ్లి మాట్లాడాలి. అయితే కలిసి వెళ్లాలి, చెరలో ఉన్నవారిని మరిచి అక్కడ ముద్ద ముట్టకూడదు.