గూట్లో దాక్కున్న సుంకి

అనగనగా ఒక ఊళ్ళో మనుషులకన్నా పురుగులే ఎక్కువ. అలా మొహం ముడుచుకోకు, అవి పట్టుపురుగులు. ఆ ఊళ్ళో ప్రతి ఇంటి వెనకా మల్బరీ తోట, ఇంట్లో తట్టల నిండా పురుగులు. అవి ఆకు నములుతుంటే వాన పడుతున్నట్టు చప్పుడు. ఆ చప్పుడు లేకపోతే అక్కడి పిల్లలకి నిద్ర పట్టదు. నీకు నా నస లేకపోతే పట్టనట్టే అనుకో.

ఆ ఊళ్ళో ఈరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు ఓబులేసు, కూతురు సుంకి. సుంకి అచ్చం నీ అంతే ఉండేది. ఈరమ్మ చెయ్యి తగిలితే పురుగు బాగా ఎదుగుతుందని ఊరంతా చెప్పుకునేవారు. ఎదగదా మరి? తెల్లారి లేస్తే ఆకు కొయ్యడం, ఆకు తరగడం, ఆకు వెయ్యడం, ఇదే పని ఆవిడకి. పురుగు ఆకలికి ఆగదు. ఒక్క పూట మాడితే పట్టుగూడు పల్చగా కడుతుంది.

ఒకరోజు సుంకి వచ్చి, "మా, ఆకలైతాంది" అంది.

"ఉండుమే, పురుగులకు ఆకేసి వస్తా" అంది ఈరమ్మ.

కాసేపయ్యాక సుంకి మళ్ళీ వచ్చింది. అప్పుడూ అదే మాట. మూడోసారి వచ్చి కొంగు పట్టుకుని లాగింది. "నేను గూడా పురుగునైతే నాకే ముందు పెడతావా?" అంది.

ఈరమ్మకి ఒళ్ళు మండిపోయింది. "పెడతాలే. పో, పురుగువే అయిపో!" అని కసిరింది.

అలా అనచ్చా? అనకూడదు. కానీ అలిసిపోయిన మనిషి నోటికి అదుపుండదు. పక్కింటావిడ విని ఉంటే ఈరమ్మని నాలుగు కడిగేసేది. ఎవరూ వినలేదు, సుంకి తప్ప.

ఆ సాయంత్రం సుంకికి జ్వరం వచ్చింది. ఆ ఊళ్ళో పురుగులకీ జ్వరం వస్తుంది. అంటే ఒళ్ళు కాలిపోవడం కాదు. పురుగు మేత మానేసి, తల పైకెత్తుకుని, కదలకుండా ఉండిపోతుంది. ఆ తర్వాత పాత తోలు విడిచేసి, కొత్త తోలుతో మళ్ళీ మేతకి వస్తుంది. జ్వరంలో ఉన్న పురుగుని ఎవరూ ముట్టుకోరు. సుంకి కూడా అలాగే తల పైకెత్తుకుని కూర్చుంది. అన్నం వద్దంది, పిలిస్తే పలకలేదు.

ఆ జ్వరం దిగేసరికి సుంకి ఒళ్ళంతా తెల్లబడింది. ఆ తర్వాత రెండోసారి వచ్చింది. అది దిగేసరికి నడక పోయి, పాకడం మొదలుపెట్టింది. మూడోసారి వచ్చి దిగేసరికి మంచం మీద సుంకి లేదు. సుంకి అంత పొడుగు పురుగు ఉంది. కళ్ళు మాత్రం సుంకివే.

ఈరమ్మ గుండెలు బాదుకుంది. అన్నం కలిపి ముందు పెట్టింది. పురుగు ముట్టలేదు. అప్పుడు ఆకు వేసింది. చూస్తుండగానే అంతా తినేసింది. ఇక రోజూ అదే పని. ఊళ్ళో అందరికన్నా లేతాకు కోసుకొచ్చి బిడ్డకి వేసేది, వేస్తూ ఏడ్చేది.

ఆ తర్వాత ఆ పురుగు పసుపుపచ్చగా పండింది. పెరటి గదిలో ఒక మూలకి పాకి, తన చుట్టూ తనే దారం అల్లుకుంది. చూస్తుండగానే లోపల సుంకి కనపడకుండా పోయింది. మిగిలింది ధాన్యం గంపంత గూడు.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. గూడు కట్టేదాకా ఈరమ్మకి అన్నీ తెలుసు, ఆ తర్వాత ఏమవుతుందో తెలీదు. గూడు కట్టగానే ఆ ఊరివాళ్ళు అమ్మేస్తారు. కొన్నవాళ్ళు మరిగే నీళ్ళలో వేసి దారం తీస్తారు. అలా వెయ్యకపోతే లోపలి పురుగుకి రెక్కలొచ్చి, సీతాకోకచిలకై, గూడు చిల్లుచేసుకుని బయటికొస్తుంది. చిల్లుపడిన గూటికి దారం రాదు. అందుకని పుట్టినప్పట్నించీ పురుగుల మధ్యే బతికిన ఈరమ్మ ఒక్క చిలకని కూడా చూసి ఎరగదు. రేపు ఆ గూట్లోంచి ఏం వస్తుందో ఆవిడ ఎవరినడుగుతుంది?

కొండ అవతల హనుమక్క అని ఒక అవ్వ ఉండేది. గూళ్ళని చిలకలయ్యేదాకా ఉంచి, అవి పెట్టిన గుడ్లు ఊళ్ళకి ఇచ్చేది ఆవిడే. ఈరమ్మ ఓబులేసుని గూటికి కాపలా పెట్టి, పరుగున వెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పడింది.

"చిలకకు నోరుండదు ఈరమ్మా" అంది అవ్వ. "ఏమీ తినదు, శానా దినాలు బతకదు. నీ బిడ్డ మనిషై వస్తాదో చిలకై వస్తాదో నేను చెప్పలేను. బయటికొచ్చి అన్నం మాటెత్తితే నీకు దక్కినట్టే. ఎత్తకపోతే తలుపు తీసెయ్, ఎగిరిపోతాది. అంతదాకా గూటిని ఎవరినీ ముట్టనియ్యొద్దు. నువ్వు మాత్రం తినమని అనొద్దు తల్లీ. ఆ మాట దానంతట అదే అడగల్ల."

ఈరమ్మ వచ్చి గూటి ముందు కూర్చుంది. ఇక లేవలేదు, ముద్ద నోట పెట్టలేదు. పురుగుల మేత, వంట ఓబులేసే చూసుకున్నాడు.

ముందు గూళ్ళు కొనే ఆసామి వచ్చాడు. వాడి బండి మీద కాగు, కాగు నిండా కుతకుతలాడే నీళ్ళు. గంపంత గూడు చూసి వాడికి కళ్ళు తిరిగాయి. ఎత్తుకుపోదామని రెండు చేతులూ చాచాడు. ఈరమ్మ గూటికి అడ్డంగా పడుకుంది. "ముందు నన్నెయ్యి నీ కాగులో" అంది. వాడు గొణుక్కుంటూ పోయాడు.

ఆ తర్వాత ఓబులేసు కొడవలి పట్టుకొచ్చాడు. పాపం, కన్నతండ్రి, ఎన్నాళ్ళని ఆగుతాడు? "కోసి తీస్తా. దానికి ఊపిరాడతాందో లేదో" అన్నాడు. ఈరమ్మ కొడవలి అంచునే పట్టుకుంది. అరచెయ్యి తెగినా వదల్లేదు. ఓబులేసు కొడవలి పారేసి, గుమ్మంలో కూలబడి ఏడ్చాడు.

ఇక మూడో గండం అన్నిటికన్నా కష్టం. లోపల్నించి గీరుతున్న చప్పుడు వినపడింది. కాసేపటికి ఆగిపోయింది. ఎంతకీ మళ్ళీ వినపడదు. ఈరమ్మ చెయ్యి దానంతట అదే కొడవలి మీదకి పోయింది. బిడ్డ లోపల చచ్చిపోతోందేమో! అప్పుడు జ్వరంలో తల పైకెత్తుకుని కూర్చున్న సుంకి గుర్తొచ్చింది. అలా ఉన్నదాన్ని ముట్టుకోకూడదని తనే కదా ఊరందరికీ చెప్పేది? కొడవలిని కాలితో తన్నేసి, చేతులు రెండూ ఒళ్ళో బిగించి పెట్టుకుంది.

తెలతెలవారుతుండగా గూడు ఒక కొసన లోపల్నించి తడిసింది. ఆ తడిలోంచి ఒక చెయ్యి వచ్చింది. ఆ తర్వాత తల. ఆ తర్వాత సుంకి మొత్తం బయటికొచ్చింది. అమ్మ భుజం దాటేంత పొడుగైంది. వీపు మీద తెల్లటి రెక్కలు, తడికి ఒంటికి అతుక్కుని ఉన్నాయి.

ఆ గదిలోనే పొయ్యి పక్కన సంగటి, పప్పు వేడిగా ఉన్నాయి. సుంకి వాటి పక్కనుంచే నడిచింది. ఆగలేదు. రెక్కలు ఆరుతున్నాయి, అదురుతున్నాయి. తలుపు వైపు చూసింది. ఓబులేసు గడియ మీద చెయ్యి వేసి, తియ్యాలో వద్దో తెలీక నిలబడ్డాడు. "తిను తల్లీ" అన్న మాట గొంతుదాకా వచ్చింది ఈరమ్మకి. కొంగు నోట్లో కుక్కుకుంది.

సుంకి తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. అమ్మ బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. తెగిన అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కొంగు కొరుకుతూ కూర్చుంది. సుంకి చాలాసేపు చూసింది. అప్పుడు దగ్గరికొచ్చి, ఎదురుగా కూర్చుంది.

"మా, నువ్వు తిన్నావా?" అంది.

అన్నం మాట! అడిగింది తన కోసం కాదు, అమ్మ కోసం. ఆ మాట పూర్తయ్యేసరికి రెక్కలు రెండూ ఊడి నేల మీద పడ్డాయి. ఈరమ్మ బిడ్డని పట్టుకుని బావురుమంది. ఆ తర్వాత ముగ్గురూ ఒకే పళ్ళెంలో సంగటి తిన్నారు. తట్టల్లో పురుగులు తలలెత్తి చూస్తూ ఉండిపోయాయి. చూడనీ, ఒక్క పూటే కదా!

అప్పట్నించి ఈరమ్మ ప్రతి పంటలోనూ కొన్ని గూళ్ళు అమ్మకుండా, చిలకలై ఎగిరిపోనీ అని కిటికీలో పెట్టేది. ఊళ్ళోవాళ్ళు నవ్వేవారు. నవ్వుకోనీ అనేది.

ఏంటే, లేచి కూర్చున్నావు? నేను తిన్నానా అంటున్నావా? తిన్నాలే నా బంగారు తల్లీ, పడుకో.

గూడు కిటికీకి, ఆకు తోటకి,
ముద్ద నోటికి, నిద్ర కంటికి,
నడిచింది నడిచింది కథ కంచికి,
చేరాం చేరాం మనం మన ఇంటికి.