గుహలో దాచిన పాట

అనగనగా ఒక అడవి. అక్కడ తీయగా పాడే కోయిలలకు కొదవ లేదు. మన కథ వాళ్లది కాదర్రా! ఊళ పెట్టే నక్క కేకలయ్యది, చెట్టు మీద టకటకలాడించే వడ్రంగిపిట్ట ముక్కన్నది, గీరుతూ రాగం తీసే కీచురాయి గీరమ్మది. ముగ్గురూ కలిస్తే అదొక గోల. కానీ ఎంత కమ్మని గోలో!

ఆ అడవిలో ఒక వింత గుహ ఉంది. లోపల పాడి వాకిలికి రాయి అడ్డం పెడితే, పాట అందులోనే ఉండిపోతుంది. రాయి తీసినప్పుడల్లా వినిపిస్తుంది. ముగ్గురూ అందులో దూరి, ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుకుంటూ ఏడు పాటలు పాడారు. అవి విని అడవి అడవంతా వెర్రెత్తిపోయింది. బద్ధకపు ఎలుగుబంటి కూడా లేచి గెంతింది.

"మళ్లీ ఎప్పుడు?" అని అందరూ అడగసాగారు. అక్కడే కేకలయ్యకు బెంగ పట్టుకుంది. రెండోసారి బాగుండకపోతే పరువేం కాను? పాత పాటలు విని విని తప్పులు వెతికాడు. ముక్కన్న ప్రతిసారీ ఒక దెబ్బ ఆలస్యంగా వేస్తున్నాడు.

"ఈసారి ఒక్కొక్కరమే లోపలికెళ్లి పాడదాం. గుహే కలుపుకుంటుంది. తప్పులు రావు," అన్నాడు.

ముక్కన్న తల గోక్కున్నాడు. "నువ్వు ఊపిరి తీసుకునేదాకా ఆగుతాను అన్నా. అందుకే ఆ ఆలస్యం. నువ్వు లేకపోతే ఎప్పుడు కొట్టాలో నాకెలా తెలుస్తుంది?"

ఆ మాట కేకలయ్య గుండెకు తగిలింది. అయినా బింకం వదల్లేదు. "లెక్కపెట్టుకో," అన్నాడు.

మొదటి రోజు ముక్కన్న లెక్కపెట్టుకుంటూ కొట్టి, ఎగిరిపోయాడు. రెండో రోజు గీరమ్మ, "ఎవరికేసి చూసి పాడను?" అంది.

"గోడకేసి," అన్నాడు కేకలయ్య.

పాడి బయటికొచ్చింది. "ఒంటరిగా పాడుకోవడానికైతే నా బొరియ నాకుంది అన్నా," అని తన దారిన పోయింది.

మూడో రోజు కేకలయ్య వంతు. లోపల చల్లగా ఉంది. తోసేవాళ్లు లేరు, నవ్వేవాళ్లు లేరు. ఏడుపొచ్చేంత దిగులు వేసింది. అయినా ఒక్క తప్పు లేకుండా పాడాడు.

అడవి అంతా వచ్చి కూర్చుంది. రాయి తీశారు. అందరూ బుద్ధిగా విన్నారు. ఒక్కరూ గెంతలేదు. చివరికి ముళ్లపంది అవ్వ లేచింది.

"ముగ్గురూ చక్కగానే పాడారు నాయనా. ముందు ఒకరికొకరిని పరిచయం చెయ్యకపోయావా?"

కేకలయ్యకు తల కొట్టేసినట్టయింది. ముక్కన్న ఉండే చెట్టు దగ్గరికి పరుగెత్తాడు. తొర్ర ఖాళీ. "కొండ అవతలికి వెళ్లిపోయాడు," అంది ఉడుత. గీరమ్మ బొరియ దగ్గర పిలిచాడు. బదులు లేదు. మిడతల మేళంలో చేరిందట.

కేకలయ్య ఒక్కడే గుహకు తిరిగొచ్చాడు. "తప్పు నాదే. వచ్చెయ్యండర్రా," అని గట్టిగా అన్నాడు. రాయి అడ్డం పెట్టాడు. గుహ ఆ మాటను పొల్లుపోకుండా దాచింది. రోజూ పొద్దున్నే వెళ్లి రాయి తీస్తాడు. వినేది అతనొక్కడే.

నీతి: తోటివాళ్లలో తప్పులన్నీ ఏరెయ్యబోతే, చివరికి మనమొక్కరమే మిగులుతాం.