వేపాకు ముట్టని నీలిపాలమ్మ

"తల్లులంతా తూము కాడికి రావాలహో! బిడ్డల్ని చంకనేసుకొని రావాలహో!"

తొట్లపాడు వీధిలో ఈ కేక వినబడిందంటే ఎక్కడి పని అక్కడ ఆగిపోవలసిందే. పొయ్యి మీద పులుసు పొంగుతున్నా సరే, సగం జడ అల్లి ఉన్నా సరే, ఆడవాళ్లు వీధిలోకి వచ్చేస్తారు. ప్రతి ఏటా భాద్రపద మాసంలో మూడో మంగళవారం పొద్దున్నే దండోరా వేసే పెంచలయ్య గొంతు అది. జాతర కమిటీవారు ఆ మధ్య మైకు కొని పెట్టారు గానీ, పెంచలయ్య ఒక్క కేక వేసేసరికి పాపం ఆ మైకే మూగబోయింది. అంతటి గొంతు!

పెన్న ఒడ్డున బస్సు దిగి, సుద్దవాగు దాటి నాలుగు అడుగులు వేస్తే అమ్మవారి స్థలం కనిపిస్తుంది. గోపురాలూ మండపాలూ వెతక్కండి, లేవు. ఇటుకా సున్నంతో కట్టిన పాతకాలపు తొట్లు మూడు, మెట్లమాదిరిగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. రెండో తొట్టి నుంచి మూడో తొట్టిలోకి నీరు దిగేచోట నిలబడి ఉన్న తూము రాయే మన నీలిపాలమ్మ తల్లి. కళ్లు లేవు, నోరు లేదు. నల్లని రాతి మీద రెండు నీలి చారలు మాత్రం పైనుంచి కిందికి జారి ఉంటాయి. ఎన్ని వానలు కురిసినా అవి చెదరలేదు.

ఏ ఊరి అమ్మవారికైనా వేపమండ లేనిదే పూజ ఉండదు కదా. ఈ తల్లికి వేపాకు గాలి కూడా గిట్టదు. తెలియని యాత్రికులు బుట్టలకొద్దీ వేపాకు మోసుకొచ్చి, పొలిమేరలోనే పారబోసి, చేతులు కడుక్కొని మరీ లోపలికి రావలసి వస్తుంది. ఎందుకయ్యా ఇట్లా అని అందరూ అడుగుతారు. అడగాలి కూడాను.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. కనుచూపు మేరా నీలిమందు తోటలు. వాటన్నిటికీ కొండపనాయుడనే ఆసామి దొర. ఆయనకు అరవై జతల ఎడ్లూ, అరవై మంది మనుషులూ ఉండేవారు. మనుషులంటే కూలికి వచ్చి పోయేవాళ్లు కారు. ఏనాటి కరువులోనో తాతలు గుప్పెడు గింజలకు అమ్ముడుపోతే, మనుమలు కూడా ఆయన సొత్తుగానే పుట్టారు. పండుగకు కోక ఇస్తాడు, జ్వరమొస్తే కషాయం పంపుతాడు, దొర మంచివాడు అని వాళ్లే అనుకొనేవారు. మంచివాడే కావచ్చు. మంచివాడి కొట్టంలో ఉన్నంత మాత్రాన కట్టుగొయ్య పూలచెట్టు అవుతుందా!

ఆ అరవై మందిలో గురవి ఒకతె. కోసిన నీలి మొక్కను మొదటి తొట్టిలో నానబెడతారు. ఆ నీటిని రెండో తొట్టిలోకి వదిలి, నడుములోతున దిగి తెడ్లతో చిలుకుతారు. చిలికేకొద్దీ నీరు నీలంగా మారుతుంది. చిలికేవాళ్లూ మారతారు. గురవికి మోచేతుల దాకా చర్మం నీలమే. మొగుడు ఈ కథ జరగడానికి ముందు ఏడే జ్వరంతో పోయాడు. మొదట పుట్టిన ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. మూడో బిడ్డ పుట్టగానే చేటలో పడుకోబెట్టి, ఇది మా బిడ్డ కాదు, తిరిపెమెత్తి తెచ్చుకున్నాం అని దేవుణ్ణి నమ్మించి, తిరిపి అని పేరు పెట్టుకుంది. దేవుడు నమ్మాడు. తిరిపి బతికింది.

తిరిపికి మూడో ఏడు వస్తున్నా పాలు మానలేదు. చిలికే ఆడవాళ్లకు అదొక వేళాకోళమైపోయింది.

"ఏమ్మే గురవీ, నీ కూతురికి పళ్లన్నీ వచ్చె. ఇంక నీ పళ్లు ఊడిందాకా ఇస్తావా ఏంది?" అనేది మంత్రసాని నాగెమ్మ.

"ఇచ్చుకుంటా పో అత్తా. నీ సొమ్మేం పోయింది?"

"నా సొమ్ము కాదే, నీ సోలెడు జొన్నలు పోతుండయి."

ఆ మాట నిజం. తోటలో ఒక కట్టడి ఉండేది. పాలిచ్చే తల్లి రోజుకు రెండుసార్లు తొట్టి వదిలి బిడ్డ దగ్గరకు పోతుంది కనుక ఆమెకు కూడు తగ్గిస్తారు. పాలు మానిన బిడ్డకైతే విడిగా రోజూ సోలెడు జొన్నలు కొలుస్తారు. గురవి చాలా రోజులు ఆలోచించింది. చివరికి ఒక పొద్దున వేపాకు నూరి, నీలి చేతులతోనే రొమ్ములకు పట్టించింది.

తిరిపి మూడు దినాలు ఏడ్చింది. ఆ మూడు దినాలూ గురవి కూడా తొట్టిలో నిలబడి ఏడ్చింది. నాలుగో నాడు బిడ్డ వచ్చి, వాసన చూసి, "చేదు" అని తనంతట తాను వెళ్లిపోయింది. అయిదో నాడు రానే లేదు. చూశారా, ఎంత తేలిగ్గా అయిపోయిందో! బిడ్డ పెద్దదైందని గురవి మురిసిపోయింది.

ఆ వారంలోనే కొండపనాయుడు ఉన్నట్టుండి కన్నుమూశాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు వెంగళప్ప ఇక్కడే తోట చూసుకొనేవాడు. చిన్నవాడు నరసప్ప కొండలకవతల, ఆరామడల దూరాన అత్తవారి ఊళ్లో ఉండేవాడు. కర్మకాండ ముగియగానే పంపకానికి కూర్చున్నారు. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ఎంచాలి. మన పెద్దలు పెట్టిన పద్ధతే ఇది. పెద్దవాడు రెండు వాటాలు వేస్తాడు, చిన్నవాడు తనకు నచ్చినది ముందు తీసుకొంటాడు. మోసానికి తావుండదు. పొలాలకు ఎంత బాగుంటుందో చూడండి ఆ పద్ధతి!

పొలాలయ్యాయి, ఎడ్లయ్యాయి. తరువాత మనుషుల్ని తొట్ల ముందు వరుసగా నిలబెట్టారు. వెంగళప్ప తరఫున కరణం సీతాపతి పంతులు తలకొక చింతగింజ చొప్పున రెండు చాపల మీద పెడుతున్నాడు. పశువులకు ఉన్న కట్టడే మనుషులకూనూ. పాలు తాగే దూడ ఆవుతో పోతుంది. మానిన దూడ తల వేరు. కొండపనాయుడి తండ్రి పోయినప్పుడు జరిగిన పంపకాన్ని చూసినది ఆ వరుసలో నాగెమ్మ ఒక్కతే. మిగిలినవారికి ఆ ముక్క తెలియదు.

"పేరు?" అన్నాడు పంతులు.

"గురవినయ్యా. ఇది నా కూతురు తిరిపి."

"పిల్ల పాలు మానిందా?"

గురవికి ఆ ప్రశ్న వినగానే జొన్నలు గుర్తుకొచ్చాయి. కొత్త దొరలు ఎవరికెంత కొలవాలో రాసుకొంటున్నారనుకొంది. నవ్వుముఖంతో బిడ్డను ముందుకు నెట్టింది.

"మానిందయ్యా! పదిహేను దినాలాయె. ఒక్క చుక్క ముట్టదు. చూడండి ఎట్టా ఎదిగిందో!"

వెనుక నుంచి నాగెమ్మ వీపు మీద గట్టిగా గిల్లింది. ఎందుకు గిల్లిందో గురవికి తెలియలేదు.

"అయితే తల వేరు," అన్నాడు పంతులు. ఒక గింజ ఈ చాప మీద పడింది. రెండో గింజ ఆ చాప మీద పడింది.

నరసప్ప లేచి రెండు వాటాలూ కలయజూశాడు. కాటుక కొమ్ముల ఎడ్ల జత ఒకటి ఉండేది ఆ ఇంట్లో. అది ఏ వాటాలో ఉందో కనుక్కొని, ఆ చాప మీద చెయ్యి వేశాడు. తిరిపి గింజ ఆ చాప మీదే ఉంది.

అప్పటికి గాని నాగెమ్మకు నోరు పెగల్లేదు. ఆమె చెవిలో చెప్పగానే గురవి వెళ్లి చాపల మధ్యన పడిపోయింది. "అయ్యా, మానలేదు. అబద్ధమాడినా. గింజల కోసం అబద్ధమాడినా!"

"మానలేదంటే రుజువు చూపించు," అన్నాడు పంతులు. ఆయన కఠినుడు కాడు. చూపిస్తే గింజ మార్చేద్దామనే అన్నాడు.

అంతమంది మగవాళ్ల ముందర గురవి రవిక ముడి విప్పి బిడ్డను ఒళ్లోకి లాక్కొంది. రోజూ పట్టించిన వేపపసరు నాలుగుసార్లు కడిగినా వాసన పోదు. తిరిపి దగ్గరకు వచ్చి, ముక్కు చిట్లించి, ముఖం తిప్పుకొంది.

"చేదు."

"తాగమ్మా. ఒక్క గుక్క తాగు తల్లీ, నీ కాళ్లకు మొక్కుతా."

"చేదమ్మా," అంది తిరిపి, ఓర్పుగా, తల్లికి తెలియని సంగతి చెబుతున్నట్లు.

వెంగళప్పకు మనసు కరిగి, "తమ్ముడూ, పసిది కదా," అన్నాడు.

"అన్నా, పంచింది నువ్వు, ఎంచింది నేను. ఒక్క గింజ కదిలితే పంపకమంతా మళ్లీ మొదలే," అన్నాడు నరసప్ప.

తిరిపి అంతవరకు బండి ఎక్కి ఎరగదు. కాటుక కొమ్ముల ఎడ్ల బండి మీద కూర్చోబెట్టగానే పకపకా నవ్వింది. వాగు మలుపు దాకా తల్లికి చెయ్యి ఊపుతూనే పోయింది. గురవిని పట్టుకొన్న నలుగురూ ఆమెతో పాటే ఏడ్చారు గాని, వదిలిపెట్టలేదు. వదిలితే తమ బిడ్డల గతేమిటో వాళ్లకు తెలుసు.

ఆ నాటి నుంచి గురవి ఏటి ఇసుకతో రొమ్ములు తోముకొనేది. ఆకలైతే బిడ్డ తిరిగి వస్తుంది, అప్పటికి చేదు ఉండకూడదు అని ఆమె లెక్క. మునుపు పాలిచ్చే వేళకు తొట్టి వదిలి, దోవ వైపు తిరిగి, తూము రాతి మీద పాలు పిండి వచ్చేది. నాగెమ్మ గంజి తెచ్చి పెడితే, "దానికియ్యి అత్తా," అనేది. ఇరవై ఒకటో నాడు తూము రాతిని కౌగిలించుకొని ఉన్న గురవిని లేపబోతే చల్లగా తగిలింది.

తరువాత తొట్టిలో నీలం పట్టడం మానేసింది. ఎన్ని తెడ్లు విరిగినా, ఎంత చిలికినా, నీరు తెల్లగా పాల మాదిరిగానే ఉండిపోయింది. వెంగళప్ప హోమాలు చేయించాడు, దిష్టి తీయించాడు. ఫలం లేదు. ఒకనాడు మధ్యాహ్నం భోజనమైన తరువాత సీతాపతి పంతులు కునుకు తీస్తుంటే, నీలి చేతులు రెండు కలలో కనబడ్డాయి. "పంతులూ, ఆ మాట మళ్లీ అడుగు," అని వినబడింది.

పంతులు చెప్పులైనా వేసుకోకుండా ఎండలో పరుగెత్తుకొచ్చి, రాతి ముందు మోకరిల్లి, "తల్లీ, పిల్ల పాలు మానిందా?" అని అడిగాడు. రాయి పలకలేదు. వెనుక నిలబడ్డ నాగెమ్మ, "మానలేదు," అంది. తొట్టిలోని ఆడవాళ్లంతా తెడ్లు వదిలేసి, "మానలేదు, మానలేదు," అన్నారు. అప్పుడు తూము రాతి మీద రెండు నీలి ధారలు జారాయి. ఆ చారలే ఇప్పుడు మనం చూస్తున్నవి.

వెంగళప్ప భయపడి, తిరిపి కోసం కొండలకవతలికి మనిషిని పంపాడు. అప్పటికే నరసప్ప ఆ బిడ్డను మరదలి పెళ్లిలో అరణపు కానుకగా ఇచ్చేశాడు. ఆ పెళ్లివారు మరొకరికి ఇచ్చారు. మూడేళ్లు వెతికించినా ఏ ఊరు చేరిందో, ఏ పేరు పెట్టారో, బతికిందో లేదో తెలియలేదు. ఈ నాటికీ తెలియదు. వెంగళప్ప తన వాటాకు వచ్చినవారందరినీ వదిలేసి, తొట్ల చుట్టూ ఉన్న భూమి వారికే ఇచ్చాడు. తొట్లపాడు అట్లా పుట్టింది. మంచి పనే. గురవికి మాత్రం దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఇప్పటికీ జాతర నాడు నాగెమ్మ వంశపు ఆడపడుచు తూము పక్కన నిలబడి, వచ్చిన ప్రతి తల్లినీ, "పిల్ల పాలు మానిందా?" అని అడుగుతుంది. ఎవరైనా సరే, "మానలేదమ్మా," అనే చెప్పాలి. మొన్నటి జాతరలో డెబ్భై ఏళ్ల కోటమ్మగారు మీసాల కొడుకును, లారీ తోలేవాణ్ణి, చెయ్యి పట్టుకొని తెచ్చి ఆ మాటే చెప్పింది. అందరూ పగలబడి నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. పాలు పడని తల్లులకు ఇక్కడ పాలు పడతాయని నమ్మకం. తప్పిపోయిన బిడ్డల కోసం మొక్కుకొనేవారూ వస్తారు. వారికి ఏం చెప్పాలో ఎవరికీ తెలియదు. రాతి పక్కన కాస్త చోటిస్తాం.

పూజ కాగానే వాగు ఇసుకలో ఆకులు వేస్తారు. ఎందరు వచ్చారని ఇక్కడ తలలు లెక్కపెట్టరు. నీ ఇంటిపేరేమిటి, ఏ కులం, ఎవరి పిల్లవు అని ఎవరినీ అడగరు. తిరిపి ఎటు పోయిందో తెలియదు కనుక, ఆ వరుసలో కూర్చోవడానికి వచ్చిన ఏ ఆడబిడ్డయినా ఆమె మనుమరాలే కావచ్చు. వెంగళప్ప వంశంవారూ అదే వరుసలో, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటారు. జొన్న సంకటీ గోంగూర పులుసూ వడ్డించిన తరువాత కూడా ఎవరూ ముద్ద ఎత్తరు. వాగు మలుపు దగ్గర ఇంకా ఎవరైనా నడిచి వస్తుంటే అందరూ ఆగుతారు. వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కొని, పక్కవాళ్లు జరిగి ఇచ్చిన చోట కూర్చున్నాక, అందరూ కలిసి తింటారు.