చెరువు నిండా సింహాద్రులు

"‘నా కొడుక్కి చేప పేరు పెట్టనంటే పెట్టను మావయ్యగారూ. రేపు బళ్ళో మాస్టారు హాజరు పిలిస్తే పక్క పిల్లలు ముక్కులు మూసుకుంటారు.’ ఇదండీ మా కోడలన్న మాట. నా మొహం మీదే అంది. ఒళ్ళో పిల్లోడు, ఆడు కూడా నన్నే చూస్తన్నాడు."

చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే మొదలెట్టాడు సింహాద్రి. బంగారయ్య గారు తలెత్తలేదు. ఆయన చిరిగిన వలలు బాగుచేస్తారు, అడిగినవాళ్ళకి తత్వం చెప్తారు. రెండూ ఒకే చాప మీద. ఎవరేం అడిగినా చేతిలో ఉన్న వలకన్ను ముడేసిందాకా నోరు విప్పరు. పెళ్ళాం ఏనాడో పోయింది, పిల్లల్లేరు, తొందరపెట్టేవాళ్ళూ లేరు.

ముడి పడింది. "కోపంగా అందా?" అని అడిగారు.

"కోపంగా అన్నా బాగుండేదండీ. నవ్వుతా అంది."

బారసాల ఇంకా నాలుగు రోజులుంది. మనవడికి తాత పేరు పెట్టడం ఏలుబండ చెరువు పేటలో ఒకళ్ళనడిగి చేసే పని కాదు. సింహాద్రికి వాళ్ళ తాత పేరు, ఆ తాతకి ఆయన తాత పేరు. ఒక తరం విడిచి ఒక తరం సింహాద్రి, ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలీదు. ఇప్పుడు ఎక్కడ తెగుద్దో మాత్రం అందరికీ తెలుసు.

అసలు సంగతేంటంటే, మూడేళ్ళ కింద సింహాద్రి వియ్యాలవారి ఊరు వెళ్ళాడు. అక్కడ గుంట ఎండగట్టి, బొచ్చెలూ శీలావతులూ ఏరుకుని, పనికిరావని ఓ రకం చేపల్ని గట్టు మీద పారేస్తున్నారు. నల్లగా, అరచేయంత, వీపు మీద దువ్వెనలాగ ముళ్ళు. అవి నోళ్ళు తెరిచి కొట్టుకుంటుంటే ఈయనకి మనసాగలేదు. పన్నెండింటిని బిందెలో వేసుకుని, ఆ బిందె ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇరవై మైళ్ళు వచ్చాడు. పసుపూ కుంకుమా చల్లి మరీ చెరువులో వదిలాడు. పుణ్యం అనుకున్నాడు.

పుణ్యం గుడ్లు పెట్టింది. రెండో ఏడాదికి వలేస్తే పది అవే, ఒకటి బొచ్చె. చెరువులో ఎప్పట్నించో ఉన్న చిన్న చేపలు, పరిగెలు, కనపడ్డం మానేశాయి. మొదటిసారి ఆ నల్ల చేపలు రేవులోకొచ్చినప్పుడు, చేపలమ్మే నూకరత్నం "ఇదేం చేప" అంది. ఎవడో "సింహాద్రి తెచ్చిన చేప" అన్నాడు. బుట్ట నెత్తిన పెట్టుకుని వీధిలో కేకెయ్యడానికి అంత పొడుగు మాట కుదరదు కదా. వీధి చివరికొచ్చేసరికి "సింహాద్రులు, సింహాద్రులు" అయింది. పక్కూళ్ళో దాన్ని చైనా గొరకంటారని తర్వాత తెలిసింది గానీ, అప్పటికే ఊరంతా సింహాద్రి పులుసు తినేసింది. "సింహాద్రికి ముల్లెక్కువ, కండ తక్కువ" అనే మాట కూడా పుట్టింది. అది చేప గురించో మనిషి గురించో చెప్పకుండా వాడుకుంటున్నారు.

"నేను చెడ్డకి చెయ్యలేదు గురువుగారూ" అన్నాడు సింహాద్రి. "ప్రాణాలు కాపాడాను. మంచికని చేసిన పని చెడితే ఆ పాపం ఎవరిదండీ?"

ఆయన ఇంకో కన్ను ముడేశారు. "గాలం ఉందా నీ దగ్గర?"

"ఉందండీ."

"నువ్వు వదిలినవి పన్నెండేగా. వెళ్ళి ఆ పన్నెండూ పట్టుకురా. ఎక్కువొద్దు, తక్కువొద్దు."

సింహాద్రి తెల్లారకముందే రేవులో కూర్చున్నాడు. గాలానికి ఎర్రని, అదే వానపాముని, గుచ్చి వేస్తే బెండు నీళ్ళకి తగలకముందే మునిగేది. ఎర్రలైపోయాయి. అన్నం మెతుకేశాడు, పడింది. మెతుకులూ అయిపోయాయి. ఉత్త కొక్కెం వేశాడు, అప్పుడూ పడింది. ఇంత సుళువుగా చేపలు పడుతుంటే ఏడుపొచ్చిన జాలరి ఆ చెరువులో ఆయనొక్కడే.

నూకరత్నం బుట్టతో వచ్చి నిలబడింది. "ఏం బావా, నీవాళ్ళని నువ్వే పట్టేసుకుంటే మేం ఏం అమ్ముకోవాలి?"

"రత్నం, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఇంకో పేరు పెట్టుకో దానికి."

"ఏం పేరు పెట్టను? మా నాన్న పేరా? ఆయన బిందెతో బస్సెక్కలేదు మరి."

సింహాద్రి గాలం వైపు తిరిగాడు. బెండు మునిగింది, లాగాడు. ఈసారి కాస్త లావు చేప. కొక్కెం తియ్యబోతే దాని నోట్లోంచి బియ్యపుగింజలంతేసి పిల్లలు బొలబొలా రాలాయి, ఇరవయ్యో ముప్ఫయ్యో, అరచేతి నిండా. అవి ఆయన వేళ్ళ సందుల్లోంచి దూకి మళ్ళీ చెరువులోకే పోయాయి.

"చూశావా" అంది నూకరత్నం, "పిల్లల్ని నోట్లో పెట్టుకుని పెంచుద్దంట. నోరు తెరిస్తే చాలు, సంసారమంతా బయటికొచ్చేస్తది."

పొద్దెక్కాక బుట్టెడు చేపల్తో గురువుగారి ముందు కూర్చున్నాడు. ఆయన బుట్టలోకి తొంగి చూశారు. "ఇందులో నీ పన్నెండూ ఏరి పక్కన పెట్టు."

సింహాద్రి ఒకటి తీశాడు, పెట్టేశాడు. ఇంకోటి తీసి తిప్పి చూశాడు. "ఇవి అవి కాదండీ. ఇవి వాటి మనవలో మునిమనవలో."

"మరి తాత పేరు పెట్టుకున్నాయని గోలెందుకయ్యా?"

సింహాద్రి చేతిలో చేపని బుట్టలో పడేశాడు. మూడేళ్ళనించి లోపలుంచుకున్న మాట ఇంక ఆగలేదు. "తమరేమనుకోకపోతే ఒకటంటాను. ఆ ఏడు కార్తీకంలో ఇదే చాప మీద కూర్చుని తమరే చెప్పారు. ‘చచ్చిపోయే ప్రాణిని ఒక్కదాన్నైనా నీళ్ళలో వదులు, తొంభై తత్వాలు పాడినదాంతో సమానం’ అని. నాకు పాట రాదు. అందుకని వదిలాను."

గురువుగారు బుట్టలోంచి ఆ లావు చేపని తీసి, బొటనవేలితో దాని నోరు తెరిచి చూశారు. మూలన ఒక పిల్ల ఇంకా అతుక్కుని ఉంది.

"ఇది నోట్లోంచే వచ్చిందా?"

"ఆయ్. నోట్లోనే పెంచుద్దంటండీ."

ఆయన చెక్క సూది వలకి గుచ్చి పక్కన పెట్టారు. కన్ను సగంలో ఉండగా ఆయన పని ఆపడం సింహాద్రి ఎప్పుడూ చూడలేదు. కర్ర తీసుకుని, కండువా దులుపుకుని, తిన్నగా రేవుకి నడిచారు. వెనకే ఈయన.

నూకరత్నం చేపలు ఏరుతోంది. "అమ్మాయ్, ఆ చేపకి పేరు తప్పు పడింది" అన్నారు.

"తప్పేంటి తాతా, తెచ్చింది ఆయనే కదా?"

"బిందె మోసింది ఆడు. మాట నాది. ఎవరి నోట్లోంచి వచ్చిందో వాళ్ళ పేరు పెట్టు."

నూకరత్నం ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత పెదాలు కదుపుతూ ఒకసారి లోపలే అనుకుని చూసుకుంది. "బంగారయ్యలు. బాగానే ఉంది తాతా. సింహాద్రులంటే జనం గీసి గీసి బేరమాడతన్నారు. బంగారమంటే అలా అనలేరు."

కోడలు లోవకుమారి వెంటనే నమ్మలేదు. రెండు పొద్దులు కిటికీ దగ్గర నిలబడి వీధిలో కేక విన్నాకే సరే అంది. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లోడి నాన్న ఉంగరంతో సింహాద్రి అని రాశాడు. రాసినంతసేపూ పెద్ద సింహాద్రి ఒక్కో అక్షరం దగ్గరా ఊపిరి బిగబట్టాడు.

తర్వాత భోజనాలు. చెరువులో ఉన్నదే విస్తట్లోకీ వచ్చింది. బంతిలో ఎవడో "బంగారయ్యలో ఉప్పు తగ్గింది" అన్నాడు. ఇంకొకాయన "మొన్న మా ఇంట్లో వండిన బంగారయ్య అయితే ఒకటే నీచు" అన్నాడు. గురువుగారు ఆ బంతిలోనే కూర్చుని తింటున్నారు.

సింహాద్రి వడ్డన ఆపేసి ఆయన పక్కన చతికిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు. "తమరి పేరు నమిలి ముళ్ళు ఊసేస్తన్నారండీ. ఆ చేపకి నా పేరే ఉంచెయ్యండి. పిల్లోడికి ఇంకోటి చూసుకుంటాం."

గురువుగారు నోట్లోంచి సన్నటి ముల్లొకటి తీసి విస్తరి అంచున పెట్టారు.

"పేరు పెట్టుకోడానికి నాకు మనవలెక్కడున్నారు సింహాద్రీ. ఇప్పుడు చెరువు నిండా ఉన్నారు." ఇంకో ముద్ద కలుపుకున్నారు. "మరీ ఎక్కువైపోయారు. రేపు పొద్దున్నే గాలం పట్టుకురా, నేనూ వస్తాను."

ఇద్దరూ ఇప్పటికీ రోజూ పొద్దున్నే ఆ రేవులో కూర్చుంటున్నారు. చేపలు తగ్గాయని ఎవరూ అనట్లేదు. ఈమధ్య వలకి అప్పుడప్పుడూ ఒక పరిగె కూడా తగులుతోందంటున్నారు.

ఎవరో మంచికని వదిలింది మీ చెరువులో కూడా ఒకటి పెరుగుతూనే ఉంటది. దాన్ని మీరు ఎవరి పేరుతో పిలుస్తున్నారు?