రెండు పొగల లంక

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే మన ఊరులాంటిది కాదే చిన్నమ్మలూ, నడిసముద్రంలో ఒక లంక. నాలుగు ఈతచెట్లు, ఒక మంచినీళ్ళ చెలమ, అంతే. ఈ కొసన తుమ్మితే ఆ కొసన వినబడుతుంది.

ఆ లంకకు పడమట ఒక రాజు, తూర్పున ఒక రాజు. నాదంటే నాదని ఇద్దరికీ పంతం. అక్కడేం పండుతుందని? ఏమీ పండదు. పంతానికి పంటతో పనేమిటే!

అప్పుడు పెద్దలు ఒక ధర్మం చెప్పారు. ఎవరి పొయ్యి వెలిగితే లంక వాళ్ళదన్నారు. వెంటనే పడమటి రాజు నూకాలమ్మ అనే ముసలావిణ్ణి తెచ్చి లంక మీద దించేశాడు. తూర్పు రాజు ఊరుకుంటాడా? కాసులమ్మ అనే ఆవిణ్ణి తెచ్చి ఆ కొసన దించాడు. మధ్యలో ముళ్ళకంచె వేయించారు. మాట్లాడుకుంటే తల తీస్తామన్నారు.

"రోజూ పొద్దున్నే మన పొగ లేవాలి. అవతలి పొగ ఆగిననాడు నిన్ను నీ కూతురి దగ్గరికి పంపిస్తాను" అన్నాడు పడమటి రాజు. నూకాలమ్మకు కూతురంటే ప్రాణం. రోజూ లేవగానే అవతలికి చూసేది. పొగ లేచేది. ఉసూరుమనేది.

ఆ తర్వాత ఈ రాజు పది ఓడలు తెచ్చి నిలిపాడు. ఆ రాజు ఇరవై తెచ్చాడు. ఆ తర్వాత ఈయన ఫిరంగులెక్కిస్తే ఆయన ఇంకా పెద్దవి ఎక్కించాడు. ఆ తర్వాత ఇద్దరూ ఓడల నిండా సైనికుల్ని నింపారు. సముద్రమంతా జనమే. నెలకోసారి బియ్యం మూట ఒడ్డుకు విసిరేసి పోయేవాళ్ళు. "తిన్నావా" అని నూకాలమ్మను అడిగినవాడు ఒక్కడూ లేడు తల్లీ.

ఒకనాడు అవతలి పొగ లేవలేదు. నూకాలమ్మ సంబరంగా మూట కట్టుకుంది. కట్టుకుందే గానీ కాలు కదల్లేదు. పొరుగింట పొయ్యి వెలగలేదంటే ఏమిటి? జబ్బన్నా అయుండాలి, చావన్నా అయుండాలి. అలాంటప్పుడు నిప్పూ గంజీ పట్టుకెళ్ళడం మనవాళ్ళ ఆచారం. అప్పుడు పెంకులో నిప్పులు, ముంతలో గంజి పట్టుకుని కంచె కింద దూరింది. ఓడలవాళ్ళకు పొగ కావాలి గానీ ముసలమ్మ ఎవరికి కావాలి? ఎవరూ చూడలేదు.

కాసులమ్మ ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. నూకాలమ్మ పొయ్యి రాజేసి గంజి తాగించింది.

"నా పొయ్యి ఆరితే నువ్వు ఇంటికి పోదువు కదా వదినా, ఎందుకొచ్చావు?" అంది కాసులమ్మ.

"పొయ్యి వెలగలేదుగా వదినా, అందుకే" అంది నూకాలమ్మ.

"మధ్యాహ్నందాకా మా పొగ లేవకపోతే ఫిరంగులు పేల్చమన్నాడు మా రాజు. ఆ ఓడల్లో అందరూ పిల్లలే వదినా, మీవాళ్ళూ మావాళ్ళూ" అని కాసులమ్మ ఏడ్చింది.

మొదటి రోజు ఇద్దరూ కూతుళ్ళ గురించి చెప్పుకున్నారు. రెండో రోజు తమ ఊళ్ళ చేపల పులుసు గురించి చెప్పుకున్నారు, నవ్వుకున్నారు కూడా. మూడో రోజు కాసులమ్మ పోయింది.

నూకాలమ్మ ఒక్కతే ఇసుక తవ్వి పూడ్చింది. మర్నాడు పొద్దున్నే తన పొయ్యి వెలిగించింది. ఆ రెండోది వెలిగించకపోతే చాలు, కూతురి దగ్గరికి వెళ్ళిపోవచ్చు. చాలాసేపు కూర్చుంది. ఆ తర్వాత లేచి, కంచె కింద దూరి, దాన్నీ వెలిగించింది.

అప్పట్నుంచి రోజూ అంతే. రెండు పొయ్యిలు, రెండు కుండల గంజి, తాగేది ఒక్కతే. ఫిరంగి ఒక్కటీ పేలలేదు.

మరి కూతురేమైందంటావా? రోజూ పొద్దున్నే ఒడ్డున నిలబడి లంకవైపు చూసేది. రెండు పొగలూ కనబడేవి. "ఆ పాడు పొగ ఇంకా ఆగలేదు, మా అమ్మ ఇవాళా రాదు" అని తిట్టుకుంటూ ఇంటికి పోయేది. ఆ పొగ కూడా వాళ్ళమ్మ పెట్టిన పొయ్యిదేనని ఆ పిల్లకు చెప్పేవాళ్ళు లేకపోయారు.

కథేమో కంచికి, పొగేమో మింటికి,
నిద్రేమో కంటికి, మనమేమో ఇంటికి.