చెయ్యి జారిపోని ఇల్లు

హైమవతికి నలభై ఒకటి. వంకాయ కొన్నా తొడిమ తిప్పి చూడందే సంచిలో వేయదు. పద్దెనిమిదేళ్ళు సున్నుండలూ జంతికలూ చేసి అమ్మి, సొంతిల్లు కొనడానికి డబ్బు కూడబెట్టింది. డబ్బు ఆవిడదే అయినా తెలివి మాత్రం తమదేనని ఆ ఇంటి మగవాళ్ళు ముగ్గురూ ఏకగ్రీవంగా తేల్చేసుకున్నారు. మొగుడు శేషాద్రి, బావగారు నరహరి, మరిది మురారి.

"ఇల్లు చూడడం మగవాళ్ళ పని. నువ్వు పిండి కలుపుకో," అన్నాడు శేషాద్రి.

"సరే వెళ్ళండి. ఇల్లొక్కటే కాదు, ఇరుగూ పొరుగూ బాగా చూసి రండి," అంది హైమవతి.

ఇంకేముంది! ముగ్గురూ కొత్త కాలనీకి పోయి, అమ్మకానికున్న ఇంటి పక్కింటి కిటికీ ముందు వరసగా నిలబడ్డారు. లోపల తల దువ్వుకుంటున్న ఆవిడని రెప్ప వేయకుండా చూశారు. ఆవిడ చీపురు తిరగేసింది.

"ఇరుగు చూశాం. ఇక పొరుగు," అన్నాడు నరహరి వీపు తడుముకుంటూ.

అటుపక్క ఇంట్లో ఓ ముసలాయన ఉన్నాడు. "నీళ్ళ సంగతేంటి తాతా?" అని అడిగారు.

"ఏం చెప్పను నాయనా! వానాకాలం వస్తే ఇంట్లోకే వచ్చేస్తాయి," అని నెత్తి కొట్టుకున్నాడాయన.

"ఇంట్లోకే! బిందెలు మోసే బాధ లేదురా అన్నయ్యా!" అని గంతేశాడు మురారి. పుట్టి బుద్ధెరిగి బిందె ముట్టుకున్నవాడు కాదు.

ఇంతలో బ్రోకరు వచ్చాడు. "ఇటుగా పెద్ద రోడ్డు వస్తోంది సార్," అన్నాడు. అంతే, ముగ్గురూ గోడవారకి ఒదిగి దారిచ్చారు. గంటైనా రోడ్డు రాలేదు.

"ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటుంది," అన్నాడు శేషాద్రి.

మర్నాడు హైమవతి తనే వెళ్ళి చూసొచ్చింది. ఆ వీధిలో ప్రతి గోడకీ నడుమెత్తున బురద చార.

"ఆ ఇల్లొద్దు. చెరువులో కట్టారు," అంది.

"గోడ మీద మరక చూసి ఇల్లొద్దంటుందిరా! ఆడబుర్ర!" అని నరహరి నవ్వాడు. తమ్ముళ్ళు కూడా నవ్వారు. ముగ్గురూ మళ్ళీ బ్రోకరు దగ్గరికి పరిగెత్తారు.

"ఇవాళ వదిలితే చెయ్యి జారిపోతుంది సార్. గట్టిగా పట్టుకోండి," అన్నాడు వాడు.

ఇంకేముంది! ఆ ఇంటికి పరిగెత్తి, నరహరి గుమ్మాన్ని, శేషాద్రి స్తంభాన్ని, మురారి కుళాయిని వాటేసుకున్నారు. వాన మొదలైంది. తాత చెప్పినట్టే నీళ్ళు ఇంట్లోకే వచ్చాయి. మోకాళ్ళు దాటి నడుముకి చేరాయి. హైమవతి గొడుగు వేసుకుని వీధి చివరి మిట్ట దాకా వచ్చి కేకేసింది.

"ఏమండీ, వదిలేసి రండి!"

"వదిలితే జారిపోతుందే పిచ్చిదానా! మేం పట్టుకునే ఉంటాం, నువ్వెళ్ళి డబ్బు పట్రా!"

"వదినా, వస్తూ వస్తూ ఫ్లాస్కులో టీ కూడా!"

హైమవతి వెళ్ళింది. ఆ వానలోనే ఊరంతా తిరిగి, నీళ్ళు నిలవని వీధిలో రెండు గదుల ఇల్లు చూసుకుని, సోమవారం తన ఒక్కదాని పేర రిజిస్టరు చేయించుకుంది.