తెల్ల నేల మీద ఆకుపచ్చ రంగు

…అక్కడికే వస్తున్నానండీ, ఇంతసేపు సాగదీసినందుకు ఏమీ అనుకోకండి. కానీ ఆ ఊరు ఎంత తెల్లగా ఉంటుందో చెప్పకపోతే రమీజా కడుపుమంట మీకు అర్థం కాదు. సున్నపు బట్టీల ఊరు. నేల తెలుపు, ఇంటి కప్పులు తెలుపు, ఆఖరికి వేపాకు కూడా తెలుపే. అక్కడ పుట్టిన ఈ పిల్ల, యూనివర్సిటీలో పేరిందేవి మేడం దగ్గర పరిశోధనకి చేరింది. ఆకాశంలో ఒక్కచోటే నిలబడ్డట్టుండే ఉపగ్రహం ఉంటుంది కదా, అది పగలంతా తీసే బొమ్మల్లోంచి గాల్లో దుమ్మెంతుందో లెక్కగట్టడం ఆమె పని.

మేడంగారికో అలవాటు. ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పరు.

ఆ రోజు రమీజా మొహం జేవురించి ఉంది. తను వేసిచ్చిన మ్యాపు, కొత్త బట్టీల తరఫున రిపోర్టు రాసే ఉమాకాంతం గారి చేతిలో పడింది. ఊరి మీద లెక్క తేలక ఆమె ఖాళీగా వదిలిన చోటంతా ఆయన ఆకుపచ్చ రంగు పూసేసి, సంతకం పెట్టమని పట్టుకొచ్చాడు. ఆకుపచ్చంటే మంచి గాలని! అక్కడ బట్టీలో పనిచేసే రమీజా అన్న దగ్గి దగ్గి, పడుకోలేక కూర్చునే నిద్రపోతున్నాడు. మర్నాడే ఈ మ్యాపు ఊరి జనం ముందు పెట్టి ఇంకో రెండు బట్టీలకి అనుమతి అడుగుతారట. ఒళ్లు మండదూ?

"మేడం, ఉపగ్రహం పొద్దస్తమానం మా ఊరినే చూస్తుంది కదా, మా దుమ్ము దానికెందుకు కనపడదు?" అంది రమీజా.

"కనపడలేదంటే లేదనేగా తల్లీ! ఉపగ్రహం కంటే మీ అన్న దగ్గు గొప్పదా?" అన్నాడు ఉమాకాంతం, గోడవారగా కుర్చీ లాక్కుని.

మేడం లేచారు. రెండు డస్టర్లు తీసుకుని నల్లబోర్డు ముందు ఒకసారి టపామని కొట్టారు. సుద్దపొడి పొగలా లేచింది. తర్వాత సున్నం వేసిన గోడ దగ్గరికెళ్లి, సరిగ్గా ఆయన చెవి పక్కన కొట్టారు, మళ్లీ మళ్లీ కొట్టారు. ఆయన దగ్గలేక దగ్గలేక కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఏంటి మేడం ఈ పని!"

"పొడి కనపడిందా?"

"ఎట్లా కనపడుద్దండీ? గోడా తెలుపే, పొడీ తెలుపే!"

"మరెందుకు దగ్గుతున్నారు?"

రమీజా ఇక ఆగలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఆకుపచ్చంతా చెరిపేసింది. ఊరి మీద ఖాళీ అట్లాగే ఉంచి, 'ఇక్కడి గాలి పైనుంచి తెలియలేదు, కింద కొలవాలి' అని రాసి, దాని కింద సంతకం పెట్టింది.

"అమ్మాయ్, అట్లా ఖాళీ పెడితే రేపు జనం లేచి అడగరా!" అన్నాడాయన, రుమాలు నోటికి అడ్డం పెట్టుకునే.

మేడం చేతులు దులుపుకుంటూ అన్నారు: "అడగనీండి."

అదండీ, ఇక ఆ మర్నాడు… ఆఁ? గ్యాసతను వచ్చాడా? ఉండమను, వస్తున్నా…